లంఘనం పరమౌషధమా? మధుమేహ చరిత్రలో ఒక మార్జాలము

గత యేటి వేసవిలో ఒకనాటి ఉదయమున మా పెరటి వసారాలో చీమల బారు కనబడెను. చీమలు బెల్లపు కుండకో పంచదార సీసాకో పోవుట లోకసహజము. ఈ చీమలు వంటయింటి వైపు తిరిగియైన చూడక, మా పిల్లి కొరకు ఏర్పరచిన ఇసుక తొట్టిలోనికి పోవుచుండెను. నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. చిన్ననాట గురువుల సన్నిధిని కావ్యములతోపాటు చరకసంహితలోని కొన్ని భాగములను గూడ చదువుకొంటిని. ప్రమేహమునకు పూర్వరూపములను చెప్పుచు చరకుడు, రోగి శరీరమునకును మూత్రమునకును తుమ్మెదలు, చీమలు చేరునని వ్రాసినాడు. నలువది యేండ్ల క్రిందట వల్లించిన ఆ మాట, ఇసుక తొట్టి చుట్టు తిరుగు చీమలను చూడగానే నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఆ పిల్లి పేరు గోపన్న. అప్పటికి దాని వయస్సు పండ్రెండేండ్లు. మార్జాలములలో అది వృద్ధాప్యమే. మాది శాకాహారుల ఇల్లు. గోపన్నకు కూన నాటినుండి పాలు, పెరుగన్నము, పండుగనాడు నేతి పరమాన్నము. మా గృహిణి పెట్టినది పెట్టినట్లు తిని, ఆరు కిలోల బరువెక్కి, అరుగుమీద పీఠాధిపతివలె కూర్చుండెడివాడు. ఆ వేసవికి ముందు కొన్ని నెలలుగా వాడు గిన్నెలకు గిన్నెలు నీరు త్రాగుచుండెను. అడిగి అడిగి అన్నము తినుచుండెను. తినుచునే చిక్కిపోవుచుండెను. వెనుకకాళ్ళ మడమలను నేలకానించి, ముసలివాడు చెప్పులీడ్చుకొని నడచినట్లు నడచుచుండెను. ఇదంతయు ముసలితనమనుకొంటిమి. చీమలు కాదని చెప్పినవి.

శ్రోతలారా, ఈ వ్యాధి కథ బహుపురాతనమైనది. మన వైద్యశాస్త్రమున ప్రమేహములు ఇరువది విధములు: కఫజములు పది, పిత్తజములు ఆరు, వాతజములు నాలుగు. ఈ చివరి నాలుగింటిలో మధుమేహమొకటి. సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రమేహరోగులను రెండు తెగలుగా విభజించెను. పుట్టుకతో వచ్చిన దోషముచే రోగియైనవాడొకడు, అపథ్యాహారముచే రోగియైనవాడింకొకడు. మొదటివాడు కృశించియుండును, రెండవవాడు స్థూలుడై కూర్చుండుటయందును నిద్రించుటయందును ఆసక్తి కలవాడైయుండును. ఈ రెండవ లక్షణము చదువునప్పుడు అరుగుమీది గోపన్న మీకు స్ఫురించినచో ఆశ్చర్యము లేదు. సుశ్రుతుని ఈ విభాగమును దయచేసి గుర్తుంచుకొనుడు. నేను దానిని మరచిపోయిన ఫలితమును తరువాత చెప్పెదను.

పశ్చిమదేశములందు, కపదోకియ దేశస్థుడైన అరిటేయస్ అను గ్రీకు వైద్యుడు ఈ రోగమున దేహమాంసమే కరగి మూత్రముగా ప్రవహించునట్లు భావించెను. 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రము తేనెవలె తీయగా ఉండుటను గ్రంథస్థము చేసెను. ఆ కాలమున రుచి చూచుటకు వైద్యుని నాలుకయే పరికరము. 1776లో లివర్పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ మూత్రమును ఇగిర్చి, మిగిలిన పదార్థము చక్కెర యని నిరూపించుటయేగాక, రోగి రక్తరసము గూడ తియ్యగా ఉండుటను గమనించెను. అనగా మన చీమలు చెప్పిన సంగతికి రసాయనశాస్త్రము ముద్ర వేసినదన్నమాట. అయినను ఈ చక్కెర ఎందువలన పొంగిపొరలుచున్నది? దేహములో ఏ అవయవము చెడినది? ఈ ప్రశ్నకు సమాధానము మరియొక నూరేండ్లకు గాని దొరకలేదు. దొరకినప్పుడు దానిని చెప్పినవి మూగజంతువులు.

1869లో బెర్లినులో పాల్ లాంగర్‌హాన్స్ అను ఇరువది యొక్క యేండ్ల విద్యార్థి, పట్టపరీక్షకు వ్యాసము వ్రాయుటకై కుందేలు క్లోమగ్రంథిని సూక్ష్మదర్శినితో పరిశీలించుచుండెను. జీర్ణకోశము వెనుక అడ్డముగా పండుకొనియుండు ఈ గ్రంథికి నేటి తెలుగు శాస్త్రగ్రంథములలో క్లోమమని పేరు. చరకుడు క్లోమమును తాలువుతోపాటు ఉదకవహస్రోతస్సులకు మూలమని చెప్పినాడు. ఆ క్లోమము, ఈ క్లోమము ఒకటేయని పండితులందరును అంగీకరింపరు. దప్పికకు మూలమైన అవయవము పేరు, అంతులేని దప్పికను కలిగించు రోగమునకు మూలమైన గ్రంథికి నేడు చెల్లుట మాత్రము చక్కగా అమరినది. లాంగర్‌హాన్స్ ఆ గ్రంథిలో అక్కడక్కడ, సముద్రమున దీవులవలె, వేరు విధమైన కణముల గుంపులను చూచెను. వాని పని యేమో అతడు చెప్పలేదు. 1893లో లగెస్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వానికి లాంగర్‌హాన్స్ ద్వీపములని నామకరణము చేసెను.

ఈ మధ్యలో 1889వ సంవత్సరము వచ్చినది. ఆ యేట స్ట్రాస్‌బర్గ్ నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అను ఇరువురు వైద్యులు, కొవ్వు జీర్ణమగుటకు క్లోమరసము ఎంతవరకు అవసరమో తెలిసికొనగోరి, ఒక కుక్క క్లోమమును పూర్తిగా తొలగించిరి. మంచి అలవాట్లు నేర్చిన ఆ కుక్క, మాటిమాటికి నేలమీదనే మూత్రము విడువసాగెను. మింకోవ్‌స్కీ విసుగుకొనక ఆ మూత్రమును పరీక్షించెను. దానిలో చక్కెర యుండెను. వెదకినదొకటి, దొరికినది వేరొకటి. మధుమేహము పుట్టుచోటు క్లోమమని లోకమునకు తెలిసినది ఆ కుక్క వలననే.

అదే 1889లో సముద్రమునకు ఆవలి యొడ్డున, బోస్టన్ నగరమున, రెజినాల్డ్ ఫిట్జ్ అను వైద్యుడు ఇదే గ్రంథికి వచ్చు మరియొక జబ్బును వివరించెను. అది క్లోమశోథ, అనగా క్లోమగ్రంథి వాచి మండుట. ఈ గ్రంథికి రెండు ఉద్యోగములు. ఆహారమును అరిగించు తీక్ష్ణరసములను చేసి ప్రేవులోనికి పంపుట యొకటి. ద్వీపకణములలో పుట్టిన రసమును నేరుగా రక్తములో కలిపి, చక్కెరను అదుపులో నుంచుట రెండవది. ప్రేవులోనికి పోయి పనిచేయవలసిన ఆ తీక్ష్ణరసములు గ్రంథిలోనే మేల్కొనినచో, గ్రంథి తన్ను తానే అరిగించుకొనును. ఈ ఆత్మజీర్ణమును 1896లో హాన్స్ కియారి ప్రతిపాదించెను. ఇల్లు కాలుచున్నప్పుడు ఒక గదిలోని వారికి ఉక్క తగులకుండునా? రసములు చేయు భాగము మండుచున్నప్పుడు ద్వీపములును దెబ్బతినును. కావున మధుమేహము, క్లోమశోథ ఒకే పిల్లిలో జంటగా కనబడుట తరచు.

ఇక లంఘనము మాట. జ్వరము వచ్చినను, కడుపులో నొప్పి వచ్చినను మన యిండ్లలో మొదట వినబడు మాట ‘లంఘనం పరమౌషధం’ అనునది. పాశ్చాత్యులును ఒక కాలమున ఈ వ్యాధికి దీనినే శరణుచొచ్చిరి. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుడు, ముఖ్యముగా కుక్కలపై చేసిన పరిశోధనల ననుసరించి, రోగులకు కఠినమైన ఉపవాసమును, ఆ పిమ్మట అత్యల్పాహారమును విధించెను. 1915 మొదలు కొన్నియేండ్లపాటు ఈ పద్ధతియే ఉత్తమమని పేరు పొందినది. దానివలన కొందరి ప్రాణములు కొంతకాలము నిలిచినవి, అది నిజము. కాని పసిపిల్లల విషయమున అది మృత్యువుతో వాయిదా కుదుర్చుకొనుట మాత్రమే. రోగముచే చచ్చుటయో, ఆకలిచే చచ్చుటయో, ఈ రెండింటి నడుమ తలిదండ్రులు నిలువవలసివచ్చెడిది.

అట్టి బాలుడొకడు టొరంటో నగరపు ఆసుపత్రిలో ఉండెను. పేరు లియోనార్డ్ థాంప్సన్, వయస్సు పదునాలుగేండ్లు, బరువు అరువదియైదు పౌనులు. అదే నగరపు విశ్వవిద్యాలయమున, 1921 వేసవినుండి, బాంటింగ్ అను యువ శస్త్రవైద్యుడును, బెస్ట్ అను విద్యార్థియు, ఆచార్య మెక్లియోడ్ ప్రయోగశాలలో శ్రమించుచుండిరి. కుక్కల క్లోమమునుండి తీసిన సారమును, క్లోమము తొలగింపబడి మధుమేహము పాలైన కుక్కలకు సూదిద్వారా ఎక్కించి, రక్తములోని చక్కెర తగ్గుట చూచిరి. మార్జొరీ యని వారు పిలుచుకొన్న కుక్క, క్లోమము లేకయే, ఆ సారము బలముమీద రెండు నెలలకు పైగా బ్రదికినది. ఆ యేటి చివర కాలిప్ అను రసాయనజ్ఞుడు వచ్చి, ఎద్దుల క్లోమమునుండి తీసిన సారమును శుద్ధిచేయు పని చేపట్టెను. 1922 జనవరి 11వ తేదీన లియోనార్డునకు మొదటి సూది వేసిరి. సారములో మలినముండుటచే అది అంతగా పనిచేయలేదు. కాలిప్ శుద్ధిచేసిన సారమును జనవరి 23న వేసినంతట బాలుని రక్తములోని చక్కెర దిగివచ్చెను. ఆ బాలుడు తరువాత పదమూడేండ్లు జీవించెను. ద్వీపమను అర్థముగల లాటిను పదమునుండి ఆ మందునకు ఇన్సులిన్ అని పేరు వచ్చినది. 1923లో బాంటింగునకును మెక్లియోడునకును నోబెల్ బహుమానము వచ్చినది. బాంటింగు తన భాగమున సగము బెస్టునకు, మెక్లియోడు తన భాగమున సగము కాలిప్‌నకు పంచియిచ్చిరి. ఆ కుక్కలకు పంచియిచ్చుటకు ఎవరి వద్దను ఏమియు లేకపోయెను.

ఇప్పుడు మా యింటికి మరల వత్తము. మా ఊరి పశువైద్యుడొకడు ఒకప్పుడు నా వద్ద చదువుకొన్నవాడే. గోపన్న చెవి కొసనుండి ఒక్క చుక్క రక్తము తీసి యంత్రమునకు చూపెను. చక్కెర మిక్కుటముగా ఉండెను. అయినను పిల్లి భయపడినప్పుడు గూడ దాని చక్కెర పెరుగునట. కావున అంతటితో నిర్ణయింపక, గడచిన రెండు మూడు వారముల సగటును తెలుపు ఫ్రక్టోసమిన్ అను పరీక్షను గూడ చేయించెను. అదియు అదే సంగతి చెప్పెను. తరువాత అతడు నన్ను ప్రక్కకు పిలిచి, చిన్ననాటి వినయముతోనే, “మాష్టారూ, పిల్లి పుట్టుకతో మాంసాహారి అండి. మీరు పన్నెండేళ్ళు దానికి పెరుగన్నం పెట్టారు. అన్నంలో ఉన్న పిండిపదార్థం దాని ఒంటికి పట్టదు,” అనెను. సుశ్రుతుడు చెప్పిన అపథ్యమనునది జాతినిబట్టి మారునని నాకప్పుడు తెలిసినది. మనకు సాత్త్వికాహారమైనది వానికి అపథ్యము.

ఆ రాత్రి మా యింట పెద్ద చర్చ జరిగెను. ఎన్నడును నీచు గడప దాటని ఇల్లు మాది. చివరకు మా గృహిణియే తీర్పు చెప్పెను: “మన నియమం మనకి. దాని నియమం దానికి దేవుడు పెట్టాడు. పెరటి వసారాలో దాని గిన్నె వేరుగా పెడదాం.” నాటినుండి మాంసపు డబ్బా వసారాలోనే తెరువబడుచున్నది. వైద్యుడు చెప్పిన ఇన్సులినును, పండ్రెండు గంటలకొకసారి, ఒక్కొక్క యూనిటు చొప్పున, మెడ వెనుక వదులు చర్మమును పైకెత్తి వేయుట నేను నేర్చుకొంటిని. సుద్దముక్క పట్టిన చేయి మొదటి నాలుగు దినములు వణకినది. గోపన్న వణకలేదు. వాడు గిన్నెలో తల పెట్టి తినుచునే యుండెను.

మూడు నెలలు సుఖముగా గడచినవి. పిమ్మట వర్షాకాలమున ఒకనాడు గోపన్న గిన్నె దగ్గరకు రాలేదు. ఒక్కసారి వాంతి చేసికొని, బీరువా క్రిందికి దూరి, కాళ్ళు ముడుచుకొని కూర్చుండెను. నేను పైని చెప్పిన చరిత్రయంతయు అప్పటికి చదివియున్నాను. చదివియు మూఢుడనైతిని. కడుపు చెడినది గాబోలు, ఒక దినము లంఘనము చేసినచో సర్దుకొనునని తలచితిని. తినని పిల్లికి ఇన్సులిన్ వేసినచో చక్కెర మరీ పడిపోవునని భయపడి, ఎవరినీ అడుగక, సూదియు ఆపితిని. ఒక దినము రెండు దినములైనవి. మూడవనాటి ప్రొద్దుట మా మనుమరాలు బీరువా క్రిందికి చేయి చాపి, “తాతయ్యా, గోపన్న కళ్ళు తెరవటం లేదు,” అని యేడ్చెను.

వైద్యుడు నన్ను మందలింపలేదు. మందలించినను బాగుండెడిది. అతడు చెప్పిన సంగతులను అందరికి ఉపయోగపడునని ఇక్కడ చెప్పుచున్నాను. పిల్లి, అందునను ఒకప్పుడు లావుగా ఉండినది, కొన్ని దినములు తిండి మానినచో, దేహములోని కొవ్వు కదలి కాలేయములో నిండి, కాలేయమును పనిచేయనీయదు. మధుమేహము గల పిల్లికి ఇన్సులిన్ పూర్తిగా ఆపినచో, కొవ్వు సగము కాలి పుట్టిన ఆమ్లములు రక్తమును విషము చేయును. నా లంఘనము ఈ రెండు గోతులను ఒకేసారి త్రవ్వినది. తినని దినమున మందు మోతాదు తగ్గింపవలసియుండవచ్చును; అది వైద్యుని అడిగి చేయవలసిన పనిగాని, తాతగారు బీరువా ముందు కూర్చుండి నిర్ణయింపదగినది కాదు.

“అసలు రోగమేమి?” అని యడిగితిని. “క్లోమశోథ కావచ్చండి,” అనెను. ఆ ‘కావచ్చు’ అను మాట నన్ను బాధించినది. మనిషికి ఈ జబ్బు వచ్చినచో కడుపు పట్టుకొని కేకలు వేయును. కుక్క మాటిమాటికి వాంతి చేసికొనును. పిల్లి తిండి మాని, మందగించి, మూల చేరును; వాంతి కొన్ని పిల్లులకు ఉండదు. క్లోమమునకే చెందిన ఒక ద్రవ్యమును రక్తములో కొలుచు పరీక్ష కలదు. అది హెచ్చినచో అనుమానము బలపడును. శబ్దతరంగములతో కడుపును చూచు యంత్రము గ్రంథి వాపును కొన్నిసార్లు చూపును, కొన్నిసార్లు చూపదు. గ్రంథి ముక్కను కోసి చూచినచో గాని నిశ్చయము లేదు. అంత దుర్బలమైన ప్రాణికి కోత పెట్టుటకు ఎవరికి చేతులాడును? గోపన్న రక్తపరీక్ష అనుమానమును బలపరచినది. యంత్రము స్పష్టముగా ఏమియు చెప్పలేదు. కావున మేము ‘కావచ్చు’ అను మాటమీదనే చికిత్స నడిపితిమి. నిశ్చయము కొరకు వేచియుండుటకు వానికి కాలము లేదు.

ఆ చికిత్సలో నా గర్వమును అణచినది ఒకటి కలదు. క్లోమశోథకు వైద్యులును ఒకప్పుడు లంఘనమునే విధించెడివారు. ఆహారము లేనిచో గ్రంథికి విశ్రాంతి యని వారి తలంపు. పిల్లుల విషయమున ఇప్పుడా పద్ధతి పోయినది. సెలైను ఎక్కించి, వికారమును అణచు మందిచ్చి, నొప్పికి మందిచ్చి, వీలైనంత త్వరలో ఆహారమును లోనికి పంపవలెను. నోట తిననిచో గొట్టముద్వారానైన పంపవలెను. మా గోపన్నకు ముక్కు గొట్టముతో నాలుగు దినములు పలుచని ఆహారము పోసిరి. చక్కెరను గంటల చొప్పున చూచుచు, త్వరగా పనిచేయు ఇన్సులినును కొద్దికొద్దిగా ఇచ్చిరి. అయిదవనాడు వాడు తల యెత్తి, మా మనుమరాలి వ్రేలికి అంటిన మాంసరసమును నాకెను.

ఇంటికి వచ్చి సుశ్రుతసంహితను తీసితిని. ప్రమేహరోగులు రెండు తెగలని పైని చెప్పితిని గదా? ఆ వెంటనే సుశ్రుతుడు చికిత్సను గూడ రెండుగా చెప్పినాడు. స్థూలునకు అపతర్పణము, అనగా తిండి తగ్గించి దేహమును కరగించుట. కృశించినవానికి తగిన అన్నపానములతో పోషణము. అరుగుమీది ఆరు కిలోల గోపన్నకు తిండి తగ్గింపుమని శాస్త్రము చెప్పినప్పుడు నేను పరమాన్నము పెట్టితిని. నాలుగు కిలోలకు చిక్కిన గోపన్నకు పెట్టుమని శాస్త్రము చెప్పినప్పుడు లంఘనము పెట్టితిని. సగము జ్ఞాపకమున్న శాస్త్రము పూర్తి అజ్ఞానముకంటె అపాయకరము. ఈ మాట ఎన్నియో తరగతులలో పిల్లలకు చెప్పియుంటిని.

నాటినుండి నన్నొక ఆలోచన వీడలేదు. గోపన్నకు నేను వేయుచున్న ఈ మందు ఎవరి సొమ్ము? స్ట్రాస్‌బర్గ్ కుక్కది, టొరంటో కుక్కలది. ఆరంభదశలో ఇన్సులిన్ యూనిటు అనగా ఎంతయో కొలిచినది కుందేళ్ళమీద. రెండు కిలోల కుందేలును ఉపవాసముంచి, దాని చక్కెరను మూర్ఛ వచ్చునంతగా దించు మోతాదును ప్రమాణముగా తీసికొనిరి. అటుపిమ్మట ఆరు దశాబ్దములపాటు మనుష్యులు వాడిన ఇన్సులిన్ కబేళాలలోని ఆవులు, ఎద్దులు, పందుల క్లోమములనుండి వచ్చినదే. 1936లో డెన్మార్కు దేశపు హాగెడార్న్, మందు మెల్లగా పనిచేయుటకై దానికి కలిపిన ప్రోటమిన్ చేపలనుండి వచ్చినది. 1978లో కాలిఫోర్నియాలో సూక్ష్మజీవులచేత మానవ ఇన్సులినును చేయించు విద్య సాధించిరి. 1982లో ఆ మందు వాడుకలోనికి వచ్చినది. ఆ తరువాతనే ఈ పశుబలి తగ్గినది.

పిల్లుల పాత్రయు లేకపోలేదు. ముదిమిలో వచ్చు మధుమేహమున మనుష్యుల ద్వీపకణముల నడుమ ఒక గాజువంటి పదార్థము పేరుకొనును. 1901లో అమెరికా వైద్యుడు ఓపీ దానిని వర్ణించెను గాని, అది యేమియో ఎనుబది యేండ్లకు పైగా తెలియలేదు. ముదిసిన మధుమేహపు పిల్లుల క్లోమములందును అదే పదార్థము పేరుకొనుచుండెను. 1987లో స్వీడను దేశపు వెస్టర్‌మార్క్, అతని సహచరులు, ఒక మనుష్యుని కణితినుండియు, మధుమేహము గల పిల్లి ద్వీపములనుండియు ఆ పదార్థమును వేరుచేసి, దాని మూలమును గుర్తించిరి. అరుగుమీద కూర్చుండి లావెక్కి మధుమేహము తెచ్చుకొను విషయమున పిల్లి మనకు అంతటి దగ్గరి చుట్టము.

ఇంకొక చుట్టరికము గూడ కలదు. 1955 నాటికి కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ఆవు ఇన్సులినులోని ఏబదియొక్క అమైనో ఆమ్లముల వరుసను పూర్తిగా చదివెను. దానికి 1958లో నోబెల్ బహుమానము పొందెను. తరువాత ఇతర జంతువుల ఇన్సులినులను పోల్చి చూచిరి. మనుష్యునకును పందికిని భేదము ఒక్క అక్షరము. మనుష్యునకును ఆవునకును మూడు అక్షరములు. పిల్లికిని ఆవునకును భేదము ఒక్కటే. వ్యాకరణము చదివినవాడను గనుక నేను దీనిని పాఠభేదమందును. ఒకే గ్రంథమును ఆవు, పంది, పిల్లి, మనుష్యుడు చిన్న చిన్న పాఠాంతరములతో వ్రాసికొన్నారు. గ్రంథము ఒకటి కాకున్నచో ఒకరి మందు ఇంకొకరికి పనిచేయునా?

గోపన్న యిప్పుడెట్లున్నాడని మీరడుగవచ్చును. బ్రదికియున్నాడు. వ్యాధి మాయము కాలేదు. పథ్యము చక్కగా కుదిరిన కొన్ని పిల్లులకు, ముఖ్యముగా చికిత్స త్వరగా మొదలైనచో, కొంతకాలమునకు సూది అక్కర లేకపోవునట. గోపన్నకు ఆ భాగ్యము కలుగలేదు. అమెరికాలోని మా అబ్బాయి ఫోనుచేసి, “నాన్నగారూ, ఇక్కడ పిల్లులకు సూది బదులు మాత్ర వచ్చింది,” అనెను. నిజమే, 2022 డిసెంబరులో అక్కడ బెక్సాగ్లిఫ్లోజిన్ అను మాత్రకు అనుమతి లభించినది. అయితే క్లోమశోథ యున్న పిల్లికిని, అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లికిని అది తగదు. మాకు సూదియే గతి.

ఉదయము ఆరుగంటలకు, సాయంత్రము ఆరుగంటలకు గోపన్న వేళ. మొదట గిన్నె పెట్టి, వాడు తినుట చూచి, అటుపిమ్మట సూది. తిననిచో వెంటనే వైద్యునకు ఫోను. గోడమీది పట్టికలో తిన్నది, త్రాగినది, బరువు, చక్కెర వ్రాయుట మా మనుమరాలి పని. అలమారలో ఒక చిన్న తేనె సీసా ఎల్లప్పుడు నుండును. చక్కెర మరీ పడిపోయి పిల్లి తూలినను, వణకినను, చిగుళ్ళకు కొంచెము తేనె రాచి, తక్షణమే వైద్యుని చెంతకు చేర్చవలెను. ఒక దినము పూర్తిగా తిండి ముట్టని పిల్లిని రెండవ దినము చూతమని ఊరకుండరాదు. ఇంతకంటె నేను నేర్చినది లేదు.

పరమలోభిని గూర్చి మనవారు ‘పిల్లికి బిచ్చము పెట్టడు’ అందురు. ఈ చరిత్ర తెలిసిన తరువాత ఆ సామెతలోని బిచ్చమను మాట నాకు రుచించుట లేదు. గోపన్నకు నేను పెట్టుచున్నది బిచ్చము కాదు, అప్పు తీర్చుట. నూరేండ్లుగా కుక్కలు, కుందేళ్ళు, గోవులు, పందులు, పిల్లులు మనకిచ్చిన దానిలో నా వంతుకు రోజుకు రెండు సూదుల పని వచ్చినది. నోరు లేని జీవము నొప్పి యని చెప్పదు. అది గిన్నె దగ్గరకు రాకపోవుటయే దాని మాట. ఆ మాటను మొదటి దినముననే వినుడని మిమ్ములను ప్రార్థించి సెలవు గైకొనుచున్నాను.